‘టప్’ ఎప్పుడు వచ్చింది?

కంప్యూటర్‌కు మిడి కీబోర్డు తగిలించి, సింథసైజర్ ప్రోగ్రాముతో వాయించే వాళ్లందరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే తలనొప్పి ఇది. హాయిగా సాగుతున్న స్వరం మధ్యలో టప్‌మంటుంది. నాలుగు వేళ్లు కలిపి నొక్కితే గరగరలాడుతుంది. ఏమీ వాయించకుండా ఊరికే కూర్చున్నా ఒక్కోసారి చిటపటలు మొదలవుతాయి. ఆర్కెస్ట్రా స్టేజీ మీదైతే కీబోర్డు ప్లేయర్ మిక్సర్ దగ్గరున్నతని వైపు తిరిగి ‘అన్నా, సౌండ్ పగులుతోంది’ అంటాడు. ‘లాప్‌టాప్ మార్చు తమ్ముడూ’ అని జవాబొస్తుంది.

ఆ సలహా చాలాసార్లు దండగ. ఒక్క ఫిర్యాదు వెనక కనీసం అరడజను వేర్వేరు లోపాలు దాగి ఉంటాయి. వాటిలో లాప్‌టాప్ వేగానికి సంబంధించినవి ఒకటో రెండో, అంతే. వీటిని విడదీసి పట్టుకోవాలంటే ఆ చప్పుడు ఎలా ఉందని కాక, ఎప్పుడు వస్తోందని ముందుగా అడగాలి. చెవికి అన్నీ ఒకేలాంటి టప్పులే. అవి వచ్చే వేళలు మాత్రం వేరు.

మొదటితరం కంప్యూటర్ సంగీతానికి ఈ బెడద లేదు. 1957లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు మాక్స్ మాథ్యూస్ రాసిన ‘మ్యూజిక్’ అనే ప్రోగ్రాము ఐబీఎం 704 యంత్రం మీద 17 సెకన్ల బాణీని పుట్టించింది. లెక్కలు చేసిన యంత్రం ఉన్నది న్యూయార్క్‌లో. వచ్చిన అంకెల్ని విద్యుత్ తరంగంగా మార్చే పరికరం ఉన్నది న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో. లెక్క పూర్తయ్యాక టేపు మోసుకెళ్లి అక్కడ వినాల్సి వచ్చేది. సెకను సంగీతానికి లెక్క ఎన్ని నిమిషాలు పట్టినా ఫరవాలేదు, ఎందుకంటే వినే వేళకు అంకెలన్నీ టేపు మీద సిద్ధంగా ఉండేవి. ఆ వంశంలోనే 1986లో ఎంఐటీలో బ్యారీ వర్కో సీ భాషలో రాసిన ‘సీసౌండ్’ కూడా మొదట్లో అంతే. స్వరాల పట్టిక ఇచ్చి వదిలేస్తే తన తీరికలో లెక్క చేసి ఫైలు రాసిపెట్టేది. 1990 నాటికి అదే సీసౌండ్ కీ నొక్కగానే పలికే స్థితికి వచ్చింది. మిల్లర్ పకెట్ 1996లో తెచ్చిన ‘ప్యూర్ డేటా’ అయితే మొదట్నుంచీ అప్పటికప్పుడు పలకడానికే పుట్టింది. అంకె తప్పితేనే తప్పు అనుకునే లోకంలోకి అప్పుడు కొత్త తప్పు ఒకటి వచ్చి చేరింది: అంకె సరైనదే, కానీ ఆలస్యంగా వచ్చింది.

ఆ ఆలస్యం ఎంతో ఒకసారి దగ్గరగా చూద్దాం. సౌండ్ కార్డు సెకనుకు 48,000 శాంపిళ్లు అడుగుతుందనుకోండి. ఒక్కో శాంపిల్‌కు దక్కేది సుమారు 21 మైక్రోసెకన్లు. ఒక్కొక్కటిగా అందించడం ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ సాధ్యం కాదు కాబట్టి కట్టలుగా అందిస్తారు. ఆ కట్టే బఫర్. 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.67 మిల్లీసెకన్ల శబ్దం. ఒక కట్ట మోగుతుండగా తర్వాతి కట్ట తయారై ఉండాలి. సెకనుకు 375 గడువులన్నమాట. బంతి భోజనంలో వడ్డించేవాడు ఎంత చురుకైనవాడన్నది కాదు లెక్క, విస్తరి ఖాళీ అయ్యేలోగా వచ్చాడా లేదా అన్నదే.

2.67 మిల్లీసెకన్లంటే ఇరుకేమీ కాదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఆ వ్యవధిలో ఎనభై లక్షల సార్లు గడియారం కొట్టుకుంటుంది. మామూలు సింథ్ వాయిద్యం పది స్వరాలు పలకడానికి అందులో చిన్న వాటా చాలు. అయినా టప్‌మంటోందంటే, ఆ 375 గడువుల్లో ఏదో ఒకదానికి ప్రాసెసర్ ఇంకో పనిలో ఉందని అర్థం. సీపీయూ మీటరు మాత్రం 20 శాతం దగ్గర నిమ్మళంగా నిలబడి ఉంటుంది. ఆ మీటరు చూపేది సగటు. 374 కట్టలు చాలా ముందే తయారై, ఒక్క కట్ట అర మిల్లీసెకను ఆలస్యమైనా సగటు కదలదు. చెవికి మాత్రం ఆ ఒక్కటే వినిపిస్తుంది. సౌండ్ కార్డు ఆగి ఎదురుచూడదు. ఆ ఖాళీలో నిశ్శబ్దమో పాత కట్టో వాయించేస్తుంది. తరంగం ఒక ఎత్తులో ఉండగా ఉన్నట్టుండి మరో ఎత్తుకు దూకుతుంది. అలాంటి దూకుడులో కింది నుంచి పై దాకా అన్ని పౌనఃపున్యాలూ కొద్దికొద్దిగా ఉంటాయి, అందుకే అది స్వరంలా కాకుండా టప్‌మని వినిపిస్తుంది. లినక్స్‌లో పనిచేసేవాళ్లు ఈ గడువు తప్పడాన్ని ‘ఎక్స్‌రన్’ అంటారు.

కాబట్టి మొదటి పరీక్ష తేలికైనది. వాయించినదాన్ని మిడి ఫైలుగా రికార్డు చేసి, అదే వాయిద్యంతో అదే ఫైలును నేరుగా వేవ్ ఫైలులోకి రాయించండి. సీసౌండ్‌కు ఇన్‌పుట్‌గా మిడి ఫైలు, అవుట్‌పుట్‌గా వేవ్ ఫైలు పేరు ఇస్తే చాలు. 1957 పద్ధతే ఇది, తీరిగ్గా లెక్క. ఆ ఫైల్లో కూడా టప్పు ఉంటే గడువుకూ దానికీ సంబంధం లేదు, వాయిద్యం రాతలోనే లోపం ఉంది. ఫైలు శుభ్రంగా ఉండి, వాయించేటప్పుడే చప్పుడొస్తుంటే వేటాడాల్సింది సమయాన్ని. ఈ పరీక్ష చెయ్యకుండా బఫర్ పెంచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. బఫర్ పెంచడమనేది జ్వరానికి మాత్ర లాంటి మందు అనిపించినా, సగం సందర్భాల్లో అక్కడ అసలు జ్వరమే ఉండదు.

రాతలోని లోపాల్లో అన్నిటికన్నా మామూలుది స్వరం ముగిసేచోట వచ్చే టప్పు. కీ మీద వేలు తీయగానే వస్తుంది, ప్రతిసారీ వస్తుంది, కొన్నిసార్లు గట్టిగా కొన్నిసార్లు మెల్లగా. ఈ చివరి లక్షణమే ఆచూకీ. వేలు తీసిన క్షణానికి తరంగం సున్నా దగ్గరుంటే చప్పుడు దాదాపు వినబడదు. శిఖరం మీదుంటే ఒక్క శాంపిల్ వ్యవధిలో అక్కణ్నుంచి సున్నాకు పడిపోవాలి. సీసౌండ్‌లో కొత్తగా మిడి వాడేవాళ్లకు ఇది తప్పక తగులుతుంది. స్వరాల పట్టిక ఇచ్చి రాయించే రోజుల్లో ప్రతి స్వరం నిడివీ ముందే తెలుసు కాబట్టి ‘లిన్‌సెగ్’ అనే ఎన్వలప్ చివర్లో మెల్లగా సున్నాకు దిగేలా రాసుకునేవారు. కీబోర్డు మీద వేలు ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు? వేలు లేచిందని చెప్పే ‘నోట్ ఆఫ్’ కబురు రాగానే లిన్‌సెగ్ ఎక్కడుంటే అక్కడే ఆ స్వరం తెగిపోతుంది. దీనికోసమే చివర ‘ఆర్’ అక్షరం తగిలించిన ‘లిన్‌సెగ్‌ఆర్’, మిడికి ప్రత్యేకంగా ‘ఎంఏడీఎస్ఆర్’ ఉన్నాయి. ఇవి నోట్ ఆఫ్ వచ్చాక కూడా వాయిద్యాన్ని మరికాసేపు బతికించి, మెల్లగా దించి, ఆపైన వదిలేస్తాయి. పది మిల్లీసెకన్ల దిగుడు చాలు టప్పు మాయమవడానికి. బఫర్‌ను 4096 చేసినా పోని చప్పుడు ఒక్క అక్షరంతో పోతుంది.

దీనికి తమ్ముడొకటుంది. సింథ్‌కు స్వరాల పరిమితి పెట్టుకున్నప్పుడు, పరిమితి దాటిన కొత్త స్వరం కోసం పాత స్వరాన్ని చంపుతుంది. మెల్లగా దించకుండా చంపితే అదే టప్పు. పెడల్ తొక్కి వాయించినప్పుడే వస్తే అనుమానం దీని మీదే.

ఇక గుత్తిగా నొక్కినప్పుడు మాత్రమే వచ్చే గరగర. ఇక్కడ ఇద్దరు నిందితులు. పది స్వరాలు కలిపితే మొత్తం ఎత్తు సౌండ్ కార్డు పట్టగలిగిన హద్దు దాటి తరంగం తల తెగిపోవడం ఒకటి. పది స్వరాల లెక్క గడువులోపు పూర్తికాకపోవడం రెండోది. విడదీయడానికి వాయిద్యం లోపలి వాల్యూమ్‌ను సగానికి తగ్గించి అదే గుత్తి మళ్లీ నొక్కండి. గరగర పోతే మొదటిది, ఉంటే రెండోది. స్పీకర్ నాబు తగ్గిస్తే లాభం లేదు, తల అప్పటికే తెగిపోయి ఉంటుంది. సీసౌండ్‌లో గరిష్ఠ ఎత్తు ఎంతో చెప్పే ‘0డీబీఎఫ్ఎస్’ అనే అమరిక పాత కాలపు 16 బిట్ల లెక్కను బట్టి 32,768గా ఉంటుంది. దాన్ని 1 అని రాసుకుని, ఒక్కో స్వరాన్ని 0.1 దగ్గర ఉంచితే పది స్వరాలు కలిసినా హద్దు దాటదు. దాటినప్పుడు ఎన్ని శాంపిళ్లు దాటాయో సీసౌండే తెర మీద చెబుతుంది. చదివేవాళ్లే తక్కువ.

రెండోదైతే ముందు ఎన్ని స్వరాలు మోగుతున్నాయో లెక్కపెట్టాలి, వేళ్లను కాదు. వేలు తీశాక మూడు సెకన్లు సాగే వాయిద్యాన్ని సెకనుకు ఎనిమిది స్వరాల వేగంతో వాయిస్తే ఏ క్షణంలోనైనా పాతిక స్వరాలు బతికే ఉంటాయి. పెడల్ తొక్కితే ఇంకా ఎక్కువ. చెవికి అందని తోకల మీద ప్రాసెసర్ శక్తంతా పోతుంటుంది. దిగుడు సమయం కుదించడం, రివర్బ్‌ను ఒక్కో స్వరానికీ విడిగా కాక మొత్తం కలిపాక ఒకేసారి వెయ్యడం, కొత్త కంప్యూటర్ కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

మరో తమాషా టప్పు ఉంది. ప్రోగ్రాము మొదలుపెట్టాక మొదటిసారి మూడు స్వరాలు కలిపి నొక్కితే వస్తుంది, రెండోసారి రాదు. నాలుగు కలిపితే మళ్లీ వస్తుంది, ఆ తర్వాత రాదు. భౌతికశాస్త్రానికి అంతుపట్టని ఈ ప్రవర్తనకు కారణం మెమరీ. వాయిద్యం నకలు ఎన్ని కావాలో సీసౌండ్‌కు ముందు తెలియదు. అవసరమైనప్పుడు కొత్త నకలుకు చోటు కేటాయిస్తుంది, తర్వాత దాన్నే తిరిగి వాడుకుంటుంది. ఆ కేటాయింపుకు పట్టే సమయం ఒక్కోసారి గడువును మింగేస్తుంది. ‘ప్రీఅలాక్’ అని ఒక్క లైను రాసి పన్నెండో పదహారో నకళ్లను ముందే సిద్ధం చేయించుకుంటే ఆ తమాషా ఆగిపోతుంది.

చక్రం తిప్పినప్పుడో స్లైడర్ జరిపినప్పుడో వినిపించే ‘జర్ర్’ది వేరే కథ. మిడి కంట్రోలర్ విలువలు 0 నుంచి 127 దాకా, మొత్తం 128 మెట్లు. వాల్యూమ్‌ను ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకిస్తే ప్రతి దూకుడూ ఒక చిన్న టప్పు, అవన్నీ కలిస్తే జిప్పు లాగినట్టుంటుంది. కీబోర్డు మీద గమకాలు పలికించే మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రానికి మిడి 14 బిట్లు ఇచ్చింది, అంటే 16,384 మెట్లు. కానీ చవక కీబోర్డుల్లో కొన్ని అందులో పై 7 బిట్లే నింపి పంపుతాయి. చక్రం పరిధి మామూలుగా అటు రెండు, ఇటు రెండు స్వరస్థానాలు. పొడుగాటి జారుల కోసం దాన్ని అటూ ఇటూ పన్నెండుకు పెంచారనుకోండి. 24 స్వరస్థానాల దూరాన్ని 128 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు దాదాపు 19 సెంట్లు, అంటే స్వరస్థానంలో అయిదోవంతు. జారు కాస్తా మెట్లెక్కడమవుతుంది. పరిధి రెండు దగ్గరే ఉంటే మెట్టు 3 సెంట్లు, చెవి క్షమిస్తుంది. పరిధి పెంచక తప్పదనుకుంటే ‘పోర్ట్‌కే’ లాంటి మెత్తబరిచే సాధనంతో విలువను పది, ఇరవై మిల్లీసెకన్ల మీద నెమ్మదిగా కదిలించాలి. మరీ మెత్తబరిస్తే కంపితం నీరుగారిపోతుంది. ఇక్కడ సరైన అంకె అంటూ లేదు, రాగం తెలిసినవాడు వాయిస్తూ చెవితో తేల్చుకోవాల్సిందే.

ఇంతవరకూ మిడి పేరు చెప్పి తిట్టినవన్నీ నిజానికి సింథ్ తప్పులు. మిడి తీగలో శబ్దం ప్రవహించదు. ఫలానా కీ, ఫలానా బలంతో నొక్కారు, వదిలారు అన్న కబుర్లే వెళ్తాయి. కాబట్టి మిడి తనంతట తాను టప్‌మనిపించలేదు. అది చెయ్యగలిగిన తప్పులు ఆలస్యం, పోగొట్టుకోవడం, రెండుసార్లు చెప్పడం. 1983 జనవరిలో ‘నామ్’ అనే సంగీత వాద్యాల ప్రదర్శనలో డేవ్ స్మిత్ కంపెనీ సింథసైజర్‌నూ, ఇకుతారో కకెహాషి స్థాపించిన రోలాండ్ వారి సింథసైజర్‌నూ ఒకే తీగతో కలిపి చూపించినప్పుడు అదొక వింత. ఆ తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్కో బైట్‌కు ముందూ వెనకా గుర్తులు కలిపి పది బిట్లు, అంటే 320 మైక్రోసెకన్లు. నోట్ ఆన్ కబురుకు మూడు బైట్లు, దాదాపు ఒక మిల్లీసెకను. పది వేళ్లతో ఒకేసారి నొక్కినా పదో స్వరం మొదటి స్వరం కంటే దాదాపు 9 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. అయిదు పిన్నుల పాత తీగ మీద పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ గుత్తి నొక్కితే ఆ చక్రం పంపే కబుర్ల వరద మధ్య స్వరాలు ఇరుక్కుంటాయి. ఇప్పటి యూఎస్‌బీ తీగకు ఈ ఇరుకు లేదు.

స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటే నోట్ ఆఫ్ దారిలో పోయిందని అర్థం. 123వ కంట్రోలర్ సందేశం ‘అన్ని స్వరాలూ ఆపు’ అని చెబుతుంది. చాలా ప్రోగ్రాముల్లోని ప్యానిక్ బటన్ పంపేది ఇలాంటిదే. ఇక ప్రతి కీకీ స్వరం రెండుసార్లు పలుకుతూ, గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తే కంప్యూటర్‌ను వదిలి కీబోర్డును చూడండి. సొంత శబ్దమున్న కీబోర్డు తన కీలకు తాను పలుకుతూ, కంప్యూటర్‌కు పంపిన కబురు అక్కణ్నుంచి తిరిగొచ్చేసరికి రెండోసారి కూడా పలుకుతుంటుంది. ‘లోకల్ కంట్రోల్’ ఆఫ్ చేస్తే సరి. పరిమితి పెట్టిన స్వరాల్లో సగం ఇలా దొంగ స్వరాలే తినేస్తున్న సెటప్పులు బోలెడు.

ఇప్పుడు వాయించేటప్పుడే వచ్చి, వాయించేదానితో సంబంధం లేనట్టు వచ్చే చప్పుళ్లు. వీటికీ వేళలుంటాయి. వాచీ పెట్టుకుని వింటే తెలుస్తాయి.

సరిగ్గా లెక్కగా, నిమిషమున్నరకో రెండు నిమిషాలకో ఒక టప్పు వస్తోందా? మైకు ఒక యూఎస్‌బీ పరికరంలో, హెడ్‌ఫోన్ లాప్‌టాప్‌లో పెట్టి వాడుతున్నారేమో చూడండి. రెండు పరికరాలకూ రెండు వేర్వేరు క్వార్ట్జ్ గడియారాలు. రెండూ ‘48,000’ అనే అంటాయి, కానీ పది లక్షలకు యాభై తేడా మామూలే. అంటే సెకనుకు 2.4 శాంపిళ్ల తేడా. 256 శాంపిళ్ల బఫర్ ఉంటే 107 సెకన్లలో ఒక కట్ట నిండా తేడా పేరుకుని ఒకటి పొంగుతుంది లేదా ఎండుతుంది. వేగవంతమైన ప్రాసెసర్ ఈ గడియారాలను కలపలేదు. రెండు పనులకూ ఒకే పరికరం వాడటమే మందు. గడియారం విషయంలో ఇంకాస్త మోటు తప్పు కూడా ఉంది: ప్రోగ్రాము 44,100 అనుకుంటుంటే కార్డు 48,000తో నడవడం. అప్పుడు టప్పులుండకపోవచ్చు, శ్రుతి మాత్రం దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది.

వాయించడం ఆపేశాక కాసేపటికి చిటపటలు మొదలయ్యాయంటే అది ఈ మొత్తం జాబితాలో నాకు బాగా ఇష్టమైన లోపం. 32 బిట్ల దశాంశ సంఖ్యలతో లెక్క చేసే సింథ్‌లలో ఇది పుడుతుంది. రివర్బ్ తోక సగానికి సగం తగ్గుతూ పోతుందే కానీ ఎప్పటికీ సున్నా కాదు. రెండు సెకన్లకు 60 డెసిబెల్స్ చొప్పున తగ్గే రివర్బ్ అనుకుంటే, దాదాపు 25 సెకన్లకు అంకె ఎంత చిన్నదవుతుందంటే దశాంశ బిందువు తర్వాత 37 సున్నాలు పెట్టి ఒకటి రాయాలి. మామూలు పద్ధతిలో రాయగలిగిన అతి చిన్న సంఖ్య అక్కడితో సరి. దానికంటే చిన్నవాటిని ‘డీనార్మల్’ అంటారు. వాటితో ఒక్కో గుణకారం చాలా ప్రాసెసర్లకు మామూలు కంటే ఎన్నో రెట్లు భారం. పెంటియం 4 రోజుల్లో ఈ కారణంగానే ఎన్నో ప్లగిన్లు పాట ఆగాక చతికిలబడేవి. ఎవరికీ వినిపించని, ఏ స్పీకరూ పలకలేని నిశ్శబ్దాన్ని అణువు అణువుగా లెక్కపెడుతూ యంత్రం అలసిపోతుందన్నమాట. ఇప్పటి ప్రాసెసర్లలో అలాంటి అంకెల్ని నేరుగా సున్నా చేసేసే స్విచ్ ఉంది. ప్రోగ్రామర్ దాన్ని వెయ్యాలి. ప్యూర్ డేటా అయితే తన ఫిల్టర్లలోనే ఇలాంటి అంకెల్ని పసిగట్టి సున్నా చేసేస్తుంది. మీరు వాడే సింథ్‌లో ఆ జాగ్రత్త ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక గట్టి స్వరం వాయించి, చేతులు కట్టుకుని అర నిమిషం సీపీయూ మీటర్ చూడండి.

ఏ లెక్కకూ అందకుండా, అప్పుడప్పుడు వచ్చేవి మిగిలాయి. వీటిలో చాలావాటికి కారణం సంగీతంతో సంబంధం లేని డ్రైవర్లు. వై-ఫై చిప్ కొత్త నెట్‌వర్కుల కోసం వెతికినప్పుడు, బ్యాటరీ స్థితి కనుక్కున్నప్పుడు వాటి డ్రైవర్లు ప్రాసెసర్‌ను కాసేపు పట్టుకుని వదలవు. విండోస్‌లో ‘లేటెన్సీమాన్’ అనే పరికరం ఏ డ్రైవర్ ఎంతసేపు పట్టుకుందో పేరుతో సహా చూపిస్తుంది. ఉత్తినే అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోయే బదులు ముందు అది చూడటం మేలు. లాప్‌టాప్ చార్జర్ విషయంలో ఒక మెలిక ఉంది. చార్జర్ పెడితే 50 హెర్ట్జ్ ఝుమ్మనే శబ్దం వస్తుంటే అది ఎర్తింగ్ గొడవ, గడువులతో సంబంధం లేదు. చార్జర్ పీకేస్తే ఝుమ్ పోతుంది, కానీ లాప్‌టాప్ పొదుపు మోడ్‌లోకి వెళ్లి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది కాబట్టి దాని బదులు చిటపటలు వస్తాయి. ఒక రోగం పోయి ఇంకోటి వచ్చిందని గుర్తించక, రెండూ ఒకటే అనుకుని తికమకపడేవాళ్లు ఎందరో.

ఇక్కడే బఫర్ పెంచడం నిజంగా పనికొస్తుంది. అయితే ఉచితంగా కాదు. 1024 శాంపిళ్లంటే 21 మిల్లీసెకన్లు. శబ్దం 10 మిల్లీసెకన్లలో గాలిలో దాదాపు మూడున్నర మీటర్లు పోతుంది. కాబట్టి 21 అంటే స్పీకర్ ఏడు మీటర్ల అవతల ఉన్నట్టు. ప్యాడ్ స్వరాలు సాగదీసేవాడికి పట్టింపు ఉండదు, రిథమ్ ప్యాడ్ కొట్టేవాడు కర్రలు కింద పెట్టేస్తాడు. ఆలస్యమొక్కటే అయితే అలవాటు పడొచ్చు. చాలా ప్రోగ్రాములు మిడి కబుర్లను కట్ట మొదట్లోనే చూస్తాయి. కట్ట మొదలైన క్షణాన కొట్టిన దెబ్బకూ, చివర్లో కొట్టిన దెబ్బకూ ఒకే సమయం అంటగడతాయి. దాంతో సమంగా కొట్టిన దెబ్బలు కుంటుతూ వినిపిస్తాయి. టప్పు పోయి తాళం పోయింది. సీసౌండ్‌లో చిన్న బి ఆప్షన్ ప్రోగ్రాము పంపే కట్ట సైజు, పెద్ద బి ఆప్షన్ కార్డు దగ్గరుండే నిల్వ సైజు. లోపల ‘కేఎస్ఎంపీఎస్’ ఎన్ని శాంపిళ్లకోసారి కంట్రోల్ విలువలు మార్చాలో చెబుతుంది. కేఎస్ఎంపీఎస్ 32, చిన్న బి 128, పెద్ద బి 512 దగ్గర మొదలుపెట్టి, ఒకసారికి ఒక్కదాన్నే మారుస్తూ పోవడం నా సలహా. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక కఠిన నియమం ఉంది: శబ్దాన్ని లెక్కించే దారిలో ఎప్పుడు ముగుస్తుందో తెలియని పని ఏదీ చెయ్యకూడదు. మెమరీ అడగకూడదు, ఫైలు తెరవకూడదు, ఇంకొకరు వదిలేదాకా తాళం (లాక్) కోసం నిలబడకూడదు. ఈ చివరిదాని ప్రమాదం అంగారకుడి మీద కూడా బయటపడింది. 1997 జులైలో అక్కడ దిగిన పాత్‌ఫైండర్ నౌక కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అయ్యింది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యత పని ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి పని దాన్ని పక్కకు నెట్టేసేది. అదే తాళం కోసం ఎదురుచూస్తున్న అత్యవసర పని గడువు తప్పేది. భూమ్మీద నుంచి ఒక అమరిక మార్చి సరిదిద్దారు. సింథ్‌లో జరిగేదీ అదే, కాకపోతే రీసెట్ బదులు టప్పు.

తెర మీద అక్షరాలు రాయడం కూడా ఆ నిషిద్ధ పనుల్లో ఒకటి. ప్రతి స్వరానికీ ఒక లైను సందేశం రాసే సింథ్ ఆ లైను వల్లే తడబడొచ్చు. సీసౌండ్‌లో ఎం ఆప్షన్‌కు సున్నా ఇస్తే సందేశాల్లో చాలావరకు ఆగుతాయి, చిన్న డి ఆప్షన్ గ్రాఫులను ఆపుతుంది. వేదిక ఎక్కేముందు ఈ రెండూ పెట్టుకోవడం మంచిది. లోపం వెతికే రోజు మాత్రం తీసెయ్యాలి, లేకపోతే హద్దు దాటిన శాంపిళ్ల హెచ్చరిక కూడా కనబడదు. లినక్స్ కెర్నెల్‌ను గడువులు తప్పనిదిగా మార్చే ప్రీఎంప్ట్-ఆర్‌టీ పని దాదాపు ఇరవై ఏళ్లపాటు బయటి ప్యాచ్‌గానే సాగి, 2024లో 6.12 వెర్షన్‌తో అసలు కెర్నెల్‌లో చేరింది. చివరిదాకా దారికి అడ్డం నిలిచింది ఏ క్లిష్టమైన షెడ్యూలింగ్ గణితమో కాదు, కెర్నెల్ తన సందేశాలను తెర మీద రాసుకునే ‘ప్రింట్‌కే’ అనే భాగం.